కుండలో చేయి పెట్టాక

2025 డిసెంబరు 5 రాత్రి పదిన్నరకు మా ఇంట్లో టీవీ ముందు ఇద్దరమే మిగిలాం, నేనూ మా మేనల్లుడూ. వాషింగ్టన్‌లో 2026 ఫుట్‌బాల్ ప్రపంచకప్ గ్రూపుల డ్రా. పాటలు, ప్రసంగాలు అయ్యి అసలు జట్ల పేర్లున్న బంతులు తీసే దగ్గరికి వచ్చేసరికి అర్ధరాత్రి దగ్గరపడింది. వాడికి మర్నాడు పొద్దున్నే కాలేజీ ఉంది. అయినా లేవలేదు. నిబంధనలు చదువుకుని మరీ కూర్చున్నాడు.

"మామయ్యా, గ్రూపుల తర్వాతి రౌండ్ల పట్టికలో స్పెయిన్ ఒక వైపు పడితే అర్జెంటీనా ఖచ్చితంగా రెండో వైపే పడాలట. ఫ్రాన్స్, ఇంగ్లండ్ కూడా అంతే. ముందే అన్నీ నిర్ణయించుకున్నాక ఇక చీటీ ఎందుకు తీయడం?"

ఆ రాత్రి వాడికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. "బలమైన జట్లు మొదట్లోనే ఢీకొంటే ఆట చప్పబడుతుందిరా" అని ఏదో అన్నాను. అది నేను నమ్మే మాటేనా అని వారం రోజులుగా ఆలోచిస్తున్నాను. తిరుపతిలో సంక్రాంతికి మేం కొందరం కలిసి ఫుట్‌బాల్ టోర్నీ నడుపుతాం. చీటీలు రాసేదీ, చుట్టేదీ నేనే. కాబట్టి ఈ ప్రశ్న నాకు వాషింగ్టన్‌లో మాత్రమే ఉన్నది కాదు.

జట్లను బలాన్ని బట్టి కుండల్లోకి విడదీసి, ఒక్కో కుండలోంచి ఒక్కో జట్టును ఒక్కో గ్రూపులో వేయడం వరకు న్యాయమే. ఆ తర్వాత ఏ గ్రూపు ఎవరిదన్నది చీటీకే వదిలేయాలి. ర్యాంకుల్లో మొదటి నాలుగు జట్లు సెమీఫైనల్ దాకా కలవకుండా ఏర్పాటు చేయడం తప్పు. నా అభిప్రాయం ఇది. దీని దగ్గరికి రావడానికి నాకు మూడు టోర్నీలు పట్టాయి.

మొదటి ఏడాది చెంబు

పన్నెండేళ్ల కిందట మొదటిసారి పెట్టినప్పుడు ఎనిమిది జట్లు, రెండు గ్రూపులు. సీడింగ్, అంటే గట్టి జట్లను ముందే గుర్తించి వేర్వేరు గ్రూపుల్లో పెట్టడం, అనే మాటే మాకు తట్టలేదు. ఎనిమిది చీటీలు చుట్టి స్టీలు చెంబులో వేసి, ఒక స్నేహితుడి కూతురి చేత తీయించాం. ఊళ్లోని రెండు గట్టి జట్లూ, శ్రీకాళహస్తి జట్టూ ఒకే గ్రూపులో పడ్డాయి. నాలుగో చీటీ పుత్తూరు కుర్రాళ్లది. వాళ్లు అప్పుడప్పుడే ఆడటం మొదలుపెట్టారు. గోల్‌కీపర్ చేతులకు మోటారు సైకిల్ గ్లవ్స్ తొడుక్కుని వచ్చాడు.

మూడు మ్యాచుల్లో వాళ్ల మీద పడిన గోల్స్ లెక్క ఇక్కడ రాయను. మూడో మ్యాచ్ రెండో సగంలో ఆ గోల్‌కీపర్ బంతిని వలలోంచి తీసి మధ్య గీత దాకా తానే మోసుకెళ్లి పెట్టి, తల దించుకుని వెనక్కి నడిచాడు. తన్నితే మధ్యలో ఎవరో ఒకరు అందుకుంటారు కదా, కానీ అప్పటికి వాడికి బంతిని తన్నాలనిపించలేదనుకుంటాను. రెండో గ్రూపులో నలుగురూ కొత్తవాళ్లే. అందులోంచి ఒక జట్టు ఫైనల్ దాకా వచ్చి ఆరు గోల్స్ తేడాతో ఓడింది. సగం సమయానికే జనం లేచి వెళ్లిపోయారు.

సీడింగ్ పెద్దలకు పెట్టే పీట అని అంతవరకూ అనుకునేవాణ్ణి. కుండలు వేరు చేసేది పెద్దల కోసం మాత్రమే కాదని ఆ గోల్‌కీపర్‌ను చూశాక అర్థమైంది. ముగ్గురు బలవంతుల మధ్య ఒక్కడిని పడేయకుండా ఆపేది కూడా అదే.

పోయిన ఏటి పేరు

రెండో ఏడాది బుద్ధి వచ్చి ఇద్దరికి సీడ్ ఇచ్చాం. ఎవరికి? మొదటి ఏడాది ఫైనల్ ఆడిన రెండు జట్లకు. అంతకంటే వేరే కొలత మా దగ్గర లేదు. అంటే సులువైన గ్రూపులో పడ్డ అదృష్టం వల్ల ఫైనల్ దాకా వచ్చి ఆరు గోల్స్‌తో ఓడిన జట్టు మా రెండో సీడ్. కఠినమైన గ్రూపులో మూడో స్థానంలో ఆగిపోయిన శ్రీకాళహస్తి జట్టుకు ఏ సీడూ లేదు. ఆ సంక్రాంతికి కప్పు పట్టుకెళ్లింది శ్రీకాళహస్తి వాళ్లే.

1954 స్విట్జర్లాండ్ ప్రపంచకప్ గురించి చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఇదే. అప్పట్లో గ్రూపుకు ఇద్దరు సీడ్లు, ఇద్దరు మామూలు జట్లు. సీడ్లు ఒకరితో ఒకరు ఆడరు, మామూలు జట్లూ ఒకదానితో ఒకటి ఆడవు. అర్హత పోటీలు పూర్తి కాకముందే సీడ్లు నిర్ణయించేశారు. అందులో స్పెయిన్ ఒకటి. ఆ స్పెయిన్ టర్కీ మీద మాడ్రిడ్‌లో 4-1తో గెలిచింది, ఇస్తాంబుల్‌లో 0-1తో ఓడింది. అప్పుడు గోల్స్ తేడా లెక్కలోకి రాదు. రోమ్‌లో మూడో మ్యాచ్ పెడితే అదీ 2-2తో సమమైంది. చివరికి కళ్లకు గంతలు కట్టిన పద్నాలుగేళ్ల కుర్రాడి చేత చీటీ తీయించారు. టర్కీ పేరు వచ్చింది. స్పెయిన్ ఇంటికి, దాని సీడ్ టర్కీకి. ఆటతో సంపాదించిన సీడ్ కాదది, చీటీలో తగిలిన సీడ్.

ఆ గ్రూపులో హంగరీ, టర్కీ సీడ్లు. పశ్చిమ జర్మనీ, దక్షిణ కొరియా మామూలు జట్లు. సీడ్లతో మాత్రమే ఆడాల్సి వచ్చిన కొరియా హంగరీ చేతిలో 0-9తో, టర్కీ చేతిలో 0-7తో ఓడింది. సీడ్ లేని పశ్చిమ జర్మనీ టర్కీని రెండుసార్లు ఓడించింది, మధ్యలో హంగరీ చేతిలో 3-8తో చిత్తయింది, చివరికి బెర్న్‌లో అదే హంగరీని 3-2తో ఓడించి కప్పు గెలిచింది. సీడింగ్ అంటే పోయిన ఏటి పేరు. ఈ ఏటి కాళ్లలో బలం ఎంతుందో అది చెప్పలేదు.

ఇప్పుడు జట్లను కుండల్లోకి విడదీసే ఫిఫా (ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య) ర్యాంకింగ్ లెక్క బాగుపడింది, నిజమే. 2018 ఆగస్టు నుంచి ప్రత్యర్థి బలాన్ని బట్టి పాయింట్లు కలిసే పద్ధతి తెచ్చారు. అంతకుముందు సగటు లెక్క ఉండేది. స్నేహపూర్వక మ్యాచులు ఆడితే సగటు పడిపోతుంది కాబట్టి వాటిని తగ్గించుకుని పోలండ్ ఆరో ర్యాంకుతో 2018 ప్రపంచకప్‌లో మొదటి కుండలో కూర్చుంది. స్పెయిన్ రెండో కుండలోకి జారింది. తీరా పోలండ్ సెనెగల్, కొలంబియాల చేతిలో ఓడి గ్రూపులో చివరి స్థానంతో వెనక్కి వచ్చింది.

కొత్త లెక్కా అన్నీ పట్టుకోలేదు. నార్వేను చూడండి. ఈసారి అర్హత పోటీల్లో ఎనిమిదికి ఎనిమిది గెలిచింది, ఇటలీని వాళ్ల మిలాన్ మైదానంలోనే 4-1తో ఓడించింది. డ్రాలో మాత్రం మూడో కుండ. ఫ్రాన్స్, సెనెగల్ ఉన్న గ్రూపులోనే పడింది. ఇటలీ సంగతి ఇంకా విచిత్రం. మిగిలిన స్థానాల కోసం ఆడే ప్లేఆఫ్‌లు 2026 మార్చిలో కాబట్టి అక్కడ గెలవబోయే జట్ల బంతులన్నీ నాలుగో కుండలో వేశారు. ఆ రోజుకు, కెనడా గ్రూపులోకి వచ్చిన బంతి విప్పితే అందులోంచి ఇటలీ రావచ్చు, వేల్స్ రావచ్చు, ఉత్తర ఐర్లండ్ రావచ్చు, బోస్నియా రావచ్చు. వీటిలో ఏది వచ్చినా కాగితం మీద అది నాలుగో కుండ జట్టే.

ఇంత మోటుగా ఉండే కొలతతో గ్రూపులు విడదీయడం నాకు సమ్మతమే. ఒక స్థానం అటూ ఇటూ అయినా కుండ మొత్తం మీద పెద్ద నష్టం ఉండదు. అదే కొలతతో రెండోవాడెవరు, మూడోవాడెవరు అని తేల్చి, సెమీఫైనల్ దాకా దారులు గీయడం మొదలుపెడితేనే నాకు ఒప్పుదల కాదు. మోకుతో కొలవాల్సిన దాన్ని మోకుతో కొలవాలి. బంగారం తూచడానికి ఆ మోకు పనికిరాదు.

నాలుగో కుండలోంచి చూస్తే

ఇంత రాశాక నాకే ఒక సందేహం వచ్చింది. మన దేశం ఎక్కువగా కింది కుండల్లోంచే కదా చూస్తుంది, అక్కడి నుంచి చూస్తే కుండల పద్ధతి మేలు చేస్తోందా?

2011 ఆసియా కప్‌లో మనకు ఆస్ట్రేలియా, బహ్రెయిన్, దక్షిణ కొరియా వచ్చాయి. 0-4, 2-5, 1-4. 2024 జనవరిలో ఖతార్‌లో జరిగిన దానిలో మనది నాలుగో కుండ. మళ్లీ ఆస్ట్రేలియా, ఉజ్బెకిస్తాన్, సిరియా. మూడూ ఓడాం, ఒక్క గోల్ కూడా కొట్టలేదు. నాలుగో కుండ అంటేనే నీ పైవాళ్లు ముగ్గురు నీ గ్రూపులో తప్పకుండా ఉంటారని అర్థం. నీతో సమానమైన జట్టు నీకు ఎప్పటికీ తగలదు. అన్నీ ఒకే చెంబులో వేస్తే, పుత్తూరు కుర్రాళ్లలాగా నలిగిపోయే ప్రమాదం ఉంటుంది కానీ, మా రెండో గ్రూపులాగా నలుగురు కొత్తవాళ్లు కలిసి ఒకరు పైకి వచ్చే అవకాశమూ ఉంటుంది. కుండల పద్ధతి ఆ ప్రమాదాన్నీ తీసేస్తుంది, ఆ అవకాశాన్నీ తీసేస్తుంది. ఈ లోపం నిజమైనదే, దీన్ని కొట్టిపారేయలేను.

అదే టోర్నీలో నాలుగో కుండ నుంచే వచ్చిన తజికిస్తాన్ మొదటిసారి ఆడుతూ క్వార్టర్‌ఫైనల్ చేరిందన్నదీ మరచిపోకూడదు. ఇక ఈ ఏడాది మనకు జరిగినదైతే తలచుకుంటే బాధగా ఉంటుంది. 2027 ఆసియా కప్ అర్హత పోటీల డ్రాలో మనది మొదటి కుండ. హాంకాంగ్, సింగపూర్, బంగ్లాదేశ్ వచ్చాయి. ఇంతకంటే మంచి చీటీ ఎవరూ కోరుకోలేరు. షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్‌తో 0-0. హాంకాంగ్‌లో చివరి నిమిషాల పెనాల్టీతో ఓటమి. మడ్గావ్‌లో సింగపూర్ మీద ముందు గోల్ కొట్టి 1-2తో ఓడాం. నవంబరు 18న ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో 0-1. ఆ రాత్రి కూడా నేనూ మా మేనల్లుడే టీవీ ముందు ఉన్నాం. ఒక్క మాటా మాట్లాడుకోలేదు. మొదటి కుండ మనల్ని గట్టెక్కించలేదు.

కుండ ఇచ్చేది అవకాశం ఒక్కటే కాబట్టే అది నాకు సమ్మతం. సెమీఫైనల్ దాకా దారి తుడిచి పెట్టడం అవకాశం దగ్గర ఆగదు.

అయిదు వేళ్లూ చాచి

మన పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా కాంచీపురం వెళ్లి, అక్కడి నుంచి కొంచెం ముందుకు పోతే ఉత్తరమేరూరు. అక్కడి వైకుంఠ పెరుమాళ్ గుడి గోడల మీద మొదటి పరాంతక చోళుడి కాలం నాటి శాసనాలున్నాయి. క్రీ.శ. 919, 921 ప్రాంతాలవి. ఊరి సభకు సభ్యులను ఎలా ఎన్నుకోవాలో వాటిలో రాసి ఉంది. పేర్లు తాటాకుల మీద రాసి, కుండలో వేసి తీయడమే. కుడవోలై అంటారు. గుడి చూద్దామని వెళ్లిన నేను ఆ గోడ దగ్గరే చాలాసేపు నిలబడిపోయాను.

పేరు కుండలో పడాలంటే షరతులు బోలెడు. పన్ను కట్టే సొంత భూమి ఉండాలి, సొంత స్థలంలో ఇల్లు ఉండాలి, వయసు ముప్ఫై అయిదుకూ డెబ్భైకీ మధ్య ఉండాలి, గత మూడేళ్లలో పదవిలో ఉండకూడదు, అంతకుముందు పదవిలో ఉండి లెక్కలు చెప్పనివాడు పనికిరాడు. ఆ షరతుల్లో చాలావాటిని నేడు మనం ఒప్పుకోం. నన్ను పట్టి నిలిపింది ఆ తర్వాతి భాగం. కుండను పెద్ద పూజారి అందరికీ కనబడేలా పైకెత్తి పట్టుకోవాలి. లోపల ఏముందో తెలియని చిన్న పిల్లవాడు ఒక ఆకు తీయాలి. దాన్ని అందుకునే మధ్యస్థుడు అయిదు వేళ్లూ చాచి, తెరిచిన అరచేతిలోనే అందుకోవాలి. అతను చదివాక అక్కడున్న పూజారులందరూ దాన్ని చదవాలి.

వెయ్యేళ్ల కిందటి వాళ్లకు తెలుసు, మోసం ఎక్కడ దాక్కుంటుందో. అది మడిచిన పిడికిట్లో దాక్కుంటుంది. షరతులు ఎన్నయినా పెట్టుకోండి, అన్నీ కుండ బయటే, అందరికీ తెలిసేలా పెట్టుకోండి. కుండలో చేయి పెట్టాక మాత్రం ఇంకెవరి ఇష్టమూ పనిచేయకూడదు. తిరుపతిలో ఉండేవాళ్లకు ఈ తేడా విడమరచి చెప్పనక్కరలేదు. సర్వదర్శనం వరుస వేరు, మూడు వందల రూపాయల టికెట్టు వరుస వేరు, ఎవరి వరుస ఏదో ముందే తెలుసు. ఆర్జిత సేవలకు లక్కీ డిప్‌లో పేరు నమోదు చేసుకున్నవాడు మాత్రం తన పేరూ పక్కవాడి పేరూ ఒక్కలాగే తిరుగుతాయన్న నమ్మకంతోనే ఎదురుచూస్తాడు. రాకపోతే వచ్చే నెల మళ్లీ నమోదు చేసుకుంటాడు, నిందించడు.

ప్రపంచకప్ డ్రాలో ఇప్పటికే కుండలోకి చాలా చేతులు వెళ్తున్నాయి. ఒకే ఖండం వాళ్లు ఒకే గ్రూపులో పడకూడదు, యూరప్‌కు మాత్రం ఇద్దరి దాకా అనుమతి. దీని కోసం బంతి తీశాక కంప్యూటర్ చూసి, ఈ గ్రూపు కుదరదు, తర్వాతిదాంట్లో వేయండి అంటుంది. ఇలా దాటవేయడం వల్ల సాధ్యమైన కూర్పులన్నిటికీ సమాన అవకాశం ఉండదని గణితవేత్తలు ఎప్పుడో చూపించారు. 1982 మాడ్రిడ్ డ్రాలో ఇలాంటి షరతుల మధ్యే తికమకపడి బెల్జియం, స్కాట్లండ్‌లను తప్పు గ్రూపుల్లో వేసి, ప్రపంచమంతా చూస్తుండగా మళ్లీ మార్చారు. ఖండాల షరతును నేను వద్దనను. నాలుగేళ్లకోసారి జరిగే పండుగలో పక్కింటివాళ్లతోనే మళ్లీ ఆడటం ఎవరికి కావాలి? కానీ ఒక్కొక్క షరతూ చీటీ విలువను కొంత కొరికేస్తుంది. 2018లో, 2022లో లేని ఈ నాలుగు జట్ల షరతును ఇప్పుడు దాని మీద ఎక్కించారు.

ఆతిథ్య జట్లకు మొదటి కుండ ఇవ్వడం కూడా నాకు నచ్చదు. క్రొయేషియా, మొరాకో రెండో కుండలో ఉండగా వాటికంటే చాలా దిగువ ర్యాంకున్న కెనడా మొదటి కుండలో కూర్చుంది. వేదికలు, టికెట్ల కోసం ఆతిథ్య జట్టును ఒక గ్రూపులో ముందే నిలపాలంటే నిలపండి, కుండ మాత్రం దాని ర్యాంకుదే ఇవ్వండి. 2010లో దక్షిణాఫ్రికా, 2022లో ఖతార్ ఆ పీట మీద కూర్చునే గ్రూపు దశలో వెళ్లిపోయాయి. దీని గురించి ఇంతకంటే వాదించను, ఇల్లు ఇచ్చినవాడికి కొంత మర్యాద అన్న మాటలోనూ న్యాయం ఉంది.

మూడో ఏడాది మడత

ఇక నా మేనల్లుడికి చెప్పని సంగతి.

మూడో ఏడాది పదహారు జట్లు వచ్చాయి. నాలుగు గ్రూపులు, నాలుగు సీడ్లు. ట్రోఫీలు, జెర్సీలు, భోజనాల ఖర్చు అంతా ఒక దాత పెట్టుకున్నారు. డ్రాకు ముందు రోజు ఆయన నన్ను పక్కకు పిలిచి, "మన ఊరి రెండు జట్లూ ఫైనల్లోనే కలిసేలా చూడండి, జనం వస్తారు" అన్నారు. ఆయన మాటలో దురుద్దేశం లేదు. జనం రావాలన్నదే ఆయన కోరిక, నా కోరిక కూడా. నేను సీడ్ల చీటీల్లో రెండింటి మూలలు చిన్నగా మడిచాను. పిల్లల చేత తీయించే అలవాటు మాని, ఆ నాలుగు చీటీలు నేనే తీశాను.

ఫైనల్ ఆయన కోరినట్లే జరిగింది. మైదానం గోడల మీద కూడా జనం కూర్చున్నారు. మ్యాచ్ కూడా గొప్పగా జరిగింది, పెనాల్టీల దాకా వెళ్లింది. అన్ని విధాలా మా టోర్నీల్లో అదే ఉత్తమమైనదని ఇప్పటికీ అందరూ అంటారు.

క్వార్టర్‌ఫైనల్లో ఓడిన మదనపల్లె జట్టు కెప్టెన్ సాయంత్రం బస్సుకు వెళ్లబోతూ, జట్టు గుర్తుగా చొక్కా మీద తొడుక్కోమని ఇచ్చిన బిబ్బులు లెక్కపెట్టి నా చేతికిచ్చాడు. ఇచ్చి, వెంటనే వెళ్లలేదు. "అన్నా, మీరు చీటీలు తీసేటప్పుడు చెంబులోకి చూసి తీశారు ఎందుకన్నా?" అన్నాడు. గొంతులో కోపం లేదు. తెలుసుకోవాలని అడిగినట్లే అడిగాడు. నేను బిబ్బులు మళ్లీ లెక్కపెట్టాను. పదకొండు. వాడు కాసేపు నిలబడి వెళ్లిపోయాడు.

మొదటి నాలుగు జట్ల నిబంధనకు మద్దతుగా చెప్పే మాటల్లో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఒకటుంది. ఆ రక్షణ ఉచితం కాదు, తమ గ్రూపులో మొదటి స్థానం తెచ్చుకుంటేనే వర్తిస్తుంది, రెండో స్థానానికి జారితే ఏ దారైనా తగలవచ్చు. పైగా నిబంధనను ముందే ప్రకటించారు, నాలాగా మూల మడవలేదు. ఇది నిజం. ప్రకటించిన దానికీ దాచిన దానికీ తేడా ఉంది, నా తప్పును వాళ్ల నిబంధనతో కొలవను. టెన్నిస్‌లో ఎప్పటి నుంచో ఇలాగే చేస్తున్నారు కదా అనీ అడగవచ్చు. టెన్నిస్‌లో ఏడాది పొడవునా వారం వారం ఒకరితో ఒకరు ఆడి తెచ్చుకున్న ర్యాంకు అది. దేశాల జట్లు ఏడాదికి పట్టుమని పదో పన్నెండో మ్యాచులు ఆడతాయి, అవీ ఎక్కువగా తమ ఖండంలోనే. రెండో ర్యాంకుకూ అయిదో ర్యాంకుకూ మధ్య గీత గీసేంత ఆట అందులో ఉండదు. అయిదో ర్యాంకువాడు, ఆరో ర్యాంకువాడు ఆ గీత కింద పడి తొలి నలుగురిలో ఒకరిని క్వార్టర్‌ఫైనల్లోనే ఎదుర్కోవాలి. వాళ్లకు చెప్పగలిగిన కారణం ఒక్కటే, జనం వస్తారని.

ఈసారి నాలుగో కుండలో కురసావ్ ఉంది. మన తిరుపతి జనాభా కంటే తక్కువ జనాభా ఉన్న ద్వీపం. ప్రపంచకప్‌కు అర్హత సాధించిన దేశాల్లో అంత చిన్నది ఇంతకుముందు లేదు. జర్మనీ, ఈక్వడార్, ఐవరీ కోస్ట్‌ల గ్రూపులో పడింది. ఆ జట్టుకు ఎవరూ దారి తుడవలేదు, తుడవమని వాళ్లు అడగనూ లేదు. చీటీలో ఏది వస్తే దానితో ఆడతారు.

వచ్చే నెల సంక్రాంతి టోర్నీకి పన్నెండు జట్లు పేర్లిచ్చాయి. దాతతో మాట్లాడాను, నాలుగు సీడ్లు ఎవరో ముందే నోటీసు అంటిస్తామని, ఆ తర్వాత ఎవరు ఎటు పడినా మాట్లాడవద్దని చెప్పాను. కాసేపు ఆలోచించి సరేనన్నారు. చీటీలన్నీ ఒకే నోటుబుక్కు కాగితంలోంచి స్కేలు పెట్టి కత్తిరించాను, మా మేనల్లుడు ఉండలు చుడుతున్నాడు. మదనపల్లె కెప్టెన్ ఇప్పుడు అక్కడి పిల్లలకు కోచ్. నిన్న ఫోన్ చేసి, డ్రా రోజున ఒక గంట ముందు రమ్మన్నాను. చెంబు నేను పైకెత్తి పట్టుకుంటాను, చీటీలు నువ్వు తీయాలి అన్నాను. ఎందుకని అడిగితే, వచ్చాక చెబుతానన్నాను.